తపాలాలో తిరిగి వచ్చే ధర: అమెరికాలో మెయిల్-ఇన్ రిబేటు చరిత్ర

ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతికేళ్లలో అమెరికా సంయుక్త రాష్ట్రాల చిల్లర వర్తకంలో స్థిరపడిన విచిత్రమైన ఆచారాల్లో మెయిల్-ఇన్ రిబేటు ఒకటి. కొనుగోలుదారు దుకాణంలో వస్తువుకు పూర్తి ధర చెల్లించి, ఇంటికి వెళ్లాక పెట్టె మీది బార్‌కోడ్ ముక్కను కత్తిరించి, దానికి రసీదును, నింపిన ఫారాన్ని జతచేసి, సొంత ఖర్చుతో స్టాంపు అంటించి, గడువు దాటకుండా నిర్దేశించిన చిరునామాకు పంపితే, కొన్ని వారాల తరువాత ఆ ధరలో కొంత భాగం చెక్కు రూపంలో తపాలాలో తిరిగి వస్తుంది. ఇరవై డాలర్లు తగ్గించి అమ్మదలచిన వ్యాపారి ఆ తగ్గింపును గల్లా పెట్టె దగ్గరే ఇవ్వకుండా, ఫారాలు అచ్చు వేయించి, వాటిని పరిశీలించడానికి ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టి, చెక్కులు రాయించి పంపడం పైకి అర్థంలేని శ్రమగా కనిపిస్తుంది. ఆ శ్రమ వెనుక ఉన్న లెక్క ఏమిటో, అది ఏయే చట్టాల మధ్య, ఏయే అవసరాల కోసం రూపుదిద్దుకుందో తెలుసుకుంటే, ఆ దేశంలో ఉత్పత్తిదారులకూ చిల్లర వర్తకులకూ కొనుగోలుదారులకూ మధ్య నూరేళ్లకు పైగా సాగిన పెనుగులాట కూడా తెలిసి వస్తుంది.

తెలుగునాట రిబేటు అనగానే స్ఫురించేది ఖాదీ భండారులోనో ఆప్కో దుకాణంలోనో పండుగ రోజుల్లో నేత వస్త్రాల మీద ఇచ్చే తగ్గింపు. అక్కడ ఆ తగ్గింపు కొనుగోలుదారుకు బిల్లులోనే అందుతుంది. రిబేటు ప్రభుత్వం ప్రకటించినదైతే, ఆ మేరకు సొమ్మును ప్రభుత్వం తరువాత అమ్మిన సంస్థకు భర్తీ చేస్తుంది. అంటే ఎదురుచూసే భారం అమ్మిన సంస్థ మీద, దాని వెనుక ఉన్న సహకార సంఘం మీద పడుతుంది. అమెరికా పద్ధతిలో అదే భారం కొనుగోలుదారు మీదికి మారింది. డబ్బు ముందు ఇచ్చేదీ, కాగితాలు కూర్చి పంపేదీ, రాకపోతే అడిగి తెచ్చుకోవలసిందీ అతడే. రెండు పద్ధతులకూ పేరు ఒకటే అయినా వాటి నడక పూర్తిగా వేరు.

ఈ ఆచారం వెనుక రెండు వేర్వేరు ప్రయోజనాలు పెనవేసుకొని ఉన్నాయి. మొదటిది, మధ్యలో ఉన్న చిల్లర వర్తకుణ్ణి దాటి ఉత్పత్తిదారు నేరుగా కొనుగోలుదారును చేరుకోవడం; రెండవది, కొనడానికీ డబ్బు తిరిగి కోరడానికీ నడుమ ఏర్పడే ఎడంలో మరపు, బద్ధకం, పొరపాట్ల వల్ల మిగిలిపోయే సొమ్మును లాభంగా వేసుకోవడం. చరిత్ర క్రమంలో మొదటిది ముందు వచ్చింది, రెండవది దానికి తోడయింది, ఒక దశలో దాన్ని మించిపోయింది. ఆచారం ప్రతిష్ఠ కోల్పోయింది కూడా ఆ దశలోనే.

సబ్బు కాగితాల నుంచి ఫోర్డు కారు దాకా

కొన్నవారికి కొన్న తరువాత ఏదో ఒకటి తిరిగి ఇవ్వడమనే పద్ధతి అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే కనిపిస్తుంది. అంతకుముందు సబ్బును దుకాణదారు పెద్ద దిమ్మ నుంచి కోసి తూచి ఇచ్చేవాడు, దాని తయారీదారు పేరు ఇంటికి చేరేది కాదు. సబ్బును విడివిడి బిళ్లలుగా కాగితంలో చుట్టి సొంత పేరుతో అమ్మసాగిన న్యూయార్క్ వ్యాపారి బెంజమిన్ బాబిట్, ఆ చుట్టు కాగితాలు కొన్ని పోగుచేసి పంపినవారికి రంగుల అచ్చు బొమ్మను బహుమతిగా ఇచ్చాడు. 1880ల చివర అట్లాంటాలో కోకా-కోలా వ్యాపారాన్ని చేపట్టిన ఆసా క్యాండ్లర్ ఒక గ్లాసు పానీయం ఉచితమని రాసిన చీటీలను పంచిపెట్టి, ఊరూరా సోడా దుకాణాలవారు ఆ సరుకు తెప్పించుకోక తప్పని స్థితి కల్పించాడు. ఈ రెండు సందర్భాల్లోనూ చిల్లర వర్తకుడి సిఫారసు మీద ఆధారపడకుండా, కొనుగోలుదారే ఆ పేరు చెప్పి అడిగేలా చేయడమే ఉత్పత్తిదారు ఉద్దేశం.

దీనికి తపాలా వ్యవస్థ విస్తరణ పెద్ద ఊతమైంది. 1851లో ఉత్తరాల రుసుము తగ్గడం, 1864లో తపాలా మనియార్డరు మొదలవడం, 1896 నుంచి పల్లెల్లో ఇంటింటికీ ఉత్తరాలు అందించే ఏర్పాటు, 1913 జనవరి నుంచి పార్సిళ్ల సేవ, ఒకదాని తరువాత ఒకటిగా వచ్చి, ఎక్కడో ఉన్న కర్మాగారానికీ మారుమూల ఇంటికీ మధ్య చవకైన దారి వేశాయి. ఆ కాలంలోనే, 1896లో స్థాపితమైన స్పెర్రీ అండ్ హచిన్సన్ సంస్థ ఆకుపచ్చ రంగు స్టాంపులను దుకాణాలకు అమ్మేది. దుకాణాలు వాటిని ఖాతాదారులకు కొనుగోలు మొత్తాన్ని బట్టి ఉచితంగా ఇచ్చేవి. ఖాతాదారులు వాటిని పుస్తకాల్లో అంటించి, పుస్తకాలు నిండాక సామాన్లుగా మార్చుకునేవారు. అయితే ఈ స్టాంపులు చిల్లర వర్తకుడి ఆయుధం, ఖాతాదారును తన దుకాణానికి కట్టిపడేయడానికి అతడు వాడుకున్నవి. సబ్బు కాగితం మాత్రం ఉత్పత్తిదారు ఆయుధం. తరువాతి కాలపు రిబేటు ఈ రెండో వంశానికి చెందినది.

బహుమతి స్థానంలో నగదునే తిరిగి ఇచ్చిన తొలి పెద్ద ఉదాహరణ హెన్రీ ఫోర్డు చూపినది. 1914 ఆగస్టు నుంచి ఏడాదిలోపు తమ మోడల్-టి కార్లు 3 లక్షలకు మించి అమ్ముడైతే కొన్న ప్రతి ఒక్కరికీ 40 నుంచి 60 డాలర్ల వరకు తిరిగి ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. అమ్మకాలు ఆ సంఖ్యను దాటాయి; ఐదు వందల డాలర్లకు అటూ ఇటూగా ఉన్న కారు మీద తలకు 50 డాలర్ల చొప్పున, మొత్తం కోటిన్నర డాలర్లకు పైగా కొన్నవారికి చేరింది. కొన్నవారే ఊరంతా ప్రచారం చేసేలా రూపొందిన ఈ పథకంలో లబ్ధిదారుడు సామాన్యుడు కావడం గమనించదగినది. ఎందుకంటే అంతకుముందు రిబేటు అంటే అమెరికన్లకు రైల్వే కంపెనీలు స్టాండర్డ్ ఆయిల్ వంటి భారీ సంస్థలకు రవాణా చార్జీల్లో రహస్యంగా తిరిగి ఇచ్చిన సొమ్ము; చిన్న వ్యాపారులను దెబ్బతీసిన ఆ పద్ధతిని 1903లో ఎల్కిన్స్ చట్టం గట్టిగా నిషేధించింది. చాటుగా పెద్దలకు దక్కిన రాయితీ నేరమైతే, బహిరంగంగా అందరికీ ఒకే మొత్తంలో ఇచ్చిన రాయితీ వ్యాపార నైపుణ్యమైంది.

ధర మీద అధికారం ఎవరిది

అమెరికాలో ఉత్పత్తిదారు సరుకును వర్తకుడికి అమ్మిన తరువాత, దాన్ని ఎంతకు అమ్మాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్న వివాదం రిబేటు చరిత్రకు వెన్నెముక వంటిది. 1911లో డాక్టర్ మైల్స్ అనే మందుల కంపెనీ వ్యాజ్యంలో, తన సరుకును ఒక కనిష్ఠ ధరకు తగ్గించి అమ్మరాదని ఉత్పత్తిదారు వర్తకులతో ఒప్పందాలు చేసుకోవడం పోటీ నిరోధక చర్య అవుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆర్థిక మాంద్యం కాలంలో చిన్న దుకాణాల ఒత్తిడికి తలొగ్గి, 1931లో కాలిఫోర్నియాతో మొదలుపెట్టి అనేక రాష్ట్రాలు అలాంటి ఒప్పందాలను అనుమతిస్తూ చట్టాలు చేశాయి, 1937లో మిల్లర్-టైడింగ్స్ చట్టంతో కేంద్ర ప్రభుత్వం వాటికి దన్నుగా నిలిచింది. ఆ మినహాయింపులన్నీ 1975లో చేసిన చట్టంతో రద్దయ్యాయి. కనిష్ఠ ధర సంగతి ఇలా ఉండగా, ఒక వార్తాపత్రిక ప్రచురణకర్తకూ దాన్ని పంపిణీ చేసే వ్యాపారికీ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1968లో మరో మెలిక వేసింది: ఇంతకు మించి అమ్మరాదని గరిష్ఠ ధర విధించడం కూడా చట్టవిరుద్ధమే. 1997లో ఆ తీర్పును కోర్టు తానే తోసిపుచ్చేదాకా, టోకు ధర తగ్గించిన ఉత్పత్తిదారు ఆ తగ్గింపును కొనుగోలుదారుకు చేర్చి తీరాలని వర్తకుణ్ణి శాసించడం ప్రమాదకరమైన పని.

దీనికి తోడు 1936 నాటి రాబిన్సన్-పాట్‌మన్ చట్టం ఉంది. పోటీపడే ఇద్దరు వర్తకుల్లో ఒకరికి తక్కువ ధరకు, ఒకరికి ఎక్కువ ధరకు సరుకు ఇచ్చి పోటీని దెబ్బతీయరాదన్నది ఆ చట్టం సారాంశం. గొలుసు దుకాణాల బలం ముందు చిన్న కిరాణా కొట్లు నిలవాలన్న ఉద్దేశంతో దాన్ని చేశారు. అందువల్ల ఒక ఊళ్లోనో ఒక దుకాణంలోనో అమ్మకాలు పెంచడానికి ధర తగ్గించదలచిన ఉత్పత్తిదారు, తక్కిన వర్తకులకూ లెక్క చెప్పుకోవలసి వచ్చేది. అదే తగ్గింపును వర్తకుడి చేతుల్లో పెట్టకుండా చివరి కొనుగోలుదారుకు నేరుగా పంపితే, ఏ దుకాణంలో కొన్నా ఒకే మొత్తం చేరుతుంది కనుక వర్తకుల మధ్య వివక్ష అన్న ప్రశ్నే దాదాపుగా తలెత్తదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, వర్తకుడి చేతికిచ్చిన తగ్గింపు అతడి దగ్గరే ఆగిపోతుందన్న ఉత్పత్తిదారుల అనుమానం నిరాధారమైనది కాదు. మేఘన్ బుస్సే, హోర్హే సిల్వా-రిస్సో, ఫ్లోరియన్ జెటల్‌మేయర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు కార్ల అమ్మకాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కంపెనీ బహిరంగంగా ప్రకటించి కొనుగోలుదారుకు ఇచ్చిన రాయితీలో 70 నుంచి 90 శాతం అతడికి దక్కగా, కంపెనీ డీలరుకు గుట్టుగా ఇచ్చిన రాయితీలో కొనుగోలుదారు దాకా వచ్చింది 30 నుంచి 40 శాతమే. ఇవ్వబోయే మొత్తం అందరికీ తెలిసినప్పుడు బేరంలో కొనుగోలుదారు చెయ్యి పైన ఉంటుంది, తెలియనప్పుడు డీలరుది పైన ఉంటుంది. ఉత్పత్తిదారు రిబేటును ఎందుకు ఎంచుకుంటాడన్న ప్రశ్నకు ఉన్న సమాధానాల్లో ఇదే అన్నిటికన్నా నిజాయతీగలది.

1975 పరిసరాలు

రిబేటును ఇంటింటి మాటగా మార్చిన ఘనత కార్ల పరిశ్రమది. 1973 చమురు సంక్షోభం తరువాత పెద్ద కార్ల అమ్మకాలు పడిపోయి, అమ్ముడుపోని వాహనాలతో గిడ్డంగులు నిండిపోయిన స్థితిలో, 1975 జనవరిలో క్రైస్లర్ సంస్థ ఎంపిక చేసిన నమూనాల మీద 200 నుంచి 400 డాలర్ల వరకు చెక్కు పంపుతామని ప్రకటించింది. ఆ నెలలో జరిగిన సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ ప్రసారం మధ్యలో, మాజీ బేస్‌బాల్ ఆటగాడు జో గరాజియోలా కారు కొంటే చెక్కు వస్తుందని ప్రకటనలో చాటాడు. కొద్ది వారాల్లోనే ఫోర్డు, జనరల్ మోటార్స్ కూడా అదే బాట పట్టక తప్పలేదు. జాబితా ధరను తగ్గిస్తే దాన్ని మళ్లీ పెంచడం కష్టం, నిన్న పూర్తి ధరకు కొన్నవారికి కోపం, కారు విలువే పడిపోయిందన్న అపప్రథ. రిబేటులో మాత్రం జాబితా ధర చెక్కుచెదరదు, రాయితీకి ఒక ఆఖరు తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటగానే ధర పెంచామన్న నింద లేకుండానే పాత స్థితికి రావచ్చు. అదే ఏడాది మార్చిలో అమెరికా ప్రభుత్వం ముందటి ఏడాది ఆదాయపు పన్నులో కొంత భాగాన్ని, 200 డాలర్లకు మించకుండా, ప్రజలకు తిరిగి ఇచ్చే చట్టం చేయడంతో, తపాలాలో వచ్చే చెక్కు అన్న భావన ఇళ్లలో మరింత పాతుకుపోయింది.

సబ్బులు, కాఫీ పొడి, పసిపిల్లల డైపర్ల వంటి నిత్యావసరాల్లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ తదితర సంస్థలు 1970లలో ఈ పద్ధతిని విస్తృతం చేశాయి. రెండు మూడు కొనుగోళ్లకు రుజువు పంపితే ఒకటి రెండు డాలర్లు తిరిగి ఇస్తామన్న ఆ ప్రకటనల లక్ష్యం అమ్మకం ఒక్కటే కాదు, ఒకసారి కొన్నవారు అదే పేరుగల సరుకును మళ్లీ కొనేలా చేయడం. రుజువుగా మొదట పెట్టె మూత అంచునో, సీసా మీది కాగితాన్నో అడిగేవారు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లం మీద మొదటిసారి స్కాన్ అయిన బార్‌కోడ్, కొద్దికాలంలోనే దాదాపు ప్రతి పెట్టె మీదికీ చేరి, ఆ రుజువు స్థానాన్ని ఆక్రమించింది. పెట్టె నుంచి బార్‌కోడ్ అసలు ముక్కనే కత్తిరించి పంపమనడంలో రెండు లాభాలున్నాయి: ఒకే పెట్టె మీద రెండుసార్లు రాయితీ కోరడం కుదరదు, బార్‌కోడ్ తెగిన పెట్టెను దుకాణాలు సాధారణంగా వెనక్కి తీసుకోవు కనుక కొన్న సరుకును తిరిగి ఇచ్చేయడమూ కష్టమవుతుంది. ఈ రెండో ప్రయోజనం దుకాణదారులకు ప్రత్యేకంగా నచ్చింది.

ఫారాలు లక్షల్లో రాసాగాక వాటిని చూడడమే ఒక వృత్తి అయింది. ఉత్పత్తిదారుల తరఫున ఉత్తరాలు విప్పి, షరతులతో సరిపోల్చి, చెక్కులు పంపే సంస్థలను ఫుల్‌ఫిల్‌మెంట్ హౌస్‌లంటారు. మిన్నియాపొలిస్ నగరానికి పడమటి దిక్కున ఉన్న యంగ్ అమెరికా అనే చిన్న పట్టణం, అదే పేరుగల ఇలాంటి సంస్థ వల్ల, దేశమంతటి ఫారాల మీద కనిపించే చిరునామా అయింది; ఆ పట్టణానికి వచ్చే రిబేటు ఉత్తరాల కోసం తపాలా శాఖ కేటాయించిన ప్రత్యేక పిన్‌కోడ్‌లలో 55555 ఒకటి. మెక్సికో సరిహద్దున ఉన్న ఎల్ పాసో నగరం మరో పెద్ద కేంద్రం. కొనుగోలుదారుల పక్షాన కూడా ఒక సంస్కృతి పుట్టింది: రిఫండర్లు అని పిలిపించుకున్న గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు ఖాళీ పెట్టెలను, సీసా కాగితాలను గదుల నిండా దాచి, తమకు అక్కరలేని ఫారాలను ఇతరులతో మార్చుకుంటూ, ఆ మార్పిడుల కోసం చిన్న పత్రికలు నడుపుకున్నారు. అబద్ధపు పేర్లతో, అనేక తపాలా పెట్టెలతో రాయితీలు కాజేసినవారూ లేకపోలేదు. ఒక ఇంటికి ఒక్కటే అన్న షరతు, నకలు రసీదులు చెల్లవన్న షరతు అలాంటి మోసాలను అడ్డుకోవడానికే వచ్చాయి. అయితే మోసగాళ్లను ఆపడానికి వేసిన కంచెలే ఆ తరువాత నిజాయతీపరుల కాళ్లకూ అడ్డుపడ్డాయి.

మరచిపోయేవారి లెక్క

అర్థశాస్త్రం ఈ ఆచారానికి చెప్పిన తొలి వివరణ ధరల వివక్ష. ఒకే వస్తువును, ఎక్కువ ఇవ్వగలిగినవారికి ఎక్కువకూ, ధర చూసి వెనుకాడేవారికి తక్కువకూ అమ్మడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఎవరు ఏ కోవకు చెందినవారో అమ్మేవాడికి తెలియదు కనుక, కొనుగోలుదారులు తమంతట తామే విడిపోయే ఏర్పాటు కావాలి. ఫారం నింపి పంపే శ్రమ జల్లెడలా పనిచేస్తుంది: పది డాలర్ల కోసం అరగంట వెచ్చించడం గిట్టుబాటని తోచినవారు పంపుతారు, సమయం విలువైనదని తలచినవారు పూర్తి ధరకే ఊరుకుంటారు. కూపన్ల విషయంలో ఈ సిద్ధాంతాన్ని చక్రవర్తి నరసింహన్ 1984లో వివరించారు. కూపన్‌కూ రిబేటుకూ ఉన్న తేడాను కియాంగ్ లూ, శ్రీధర్ మూర్తి 2007లో ఎత్తిచూపారు: కూపన్‌ను కత్తిరించి దాచే శ్రమ కొనకముందే ముగుస్తుంది, రిబేటు శ్రమ ఎంతో కొన్న తరువాత గాని తెలియదు.

ఈ తేడాలోనే అసలు మర్మం ఉంది. కొనేటప్పుడు మనిషి మనసులో ఉండేది రాయితీ పోగా మిగిలే ధర. చెల్లించేది మాత్రం పూర్తి ధర. దిలీప్ సోమన్ 1998లో ప్రచురించిన పరిశోధన, భవిష్యత్తులో చేయవలసిన శ్రమను మనుషులు ఇప్పుడు చాలా తక్కువగా అంచనా వేస్తారని, తీరా ఆ సమయం వచ్చాక అది భారమనిపిస్తుందని చూపింది. టిమ్ సిల్క్ 2004లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో మరింత ఆశ్చర్యకరమైన సంగతి ఉంది: గడువు ఎక్కువ ఇస్తే కొనుగోలుదారులకు తప్పక పంపుతామన్న నమ్మకం పెరిగి కొనుగోళ్లు పెరుగుతాయి, కానీ రేపు చూద్దామన్న వాయిదాల్లో పడి నిజంగా పంపేవారు తగ్గుతారు. దీర్ఘ గడువు ఉదారంగా కనిపిస్తూనే ఇచ్చేవారి ఖర్చు తగ్గిస్తుందన్నమాట. రిచర్డ్ థేలర్ 1985లో ప్రతిపాదించిన మానసిక ఖాతాల సిద్ధాంతం మరో పార్శ్వం చూపుతుంది: పెద్ద ధరలో కలిసిపోయిన చిన్న తగ్గింపు కంటికి ఆనదు, అదే మొత్తం విడిగా చెక్కుగా వస్తే కానుకలా తోస్తుంది.

వర్తక పరిభాషలో, అర్హత ఉండీ రాయితీ కోరనివారి వల్ల మిగిలే సొమ్మును బ్రేకేజ్ అనీ, కోరి చెక్కు పొంది కూడా దాన్ని బ్యాంకులో వేయనివారి వల్ల మిగిలేదాన్ని స్లిపేజ్ అనీ అంటారు. చిన్న మొత్తాల చెక్కులు ప్రకటనల ఉత్తరాల్లా కనిపించే కవర్లలో వచ్చి చెత్తబుట్టల పాలు కావడం అరుదు కాదు. ఎవరూ కోరని సొమ్ము రాష్ట్ర ఖజానాకు చేరాలన్న చట్టాలు అమెరికా రాష్ట్రాల్లో ఉన్నందున, నగదుగా మారని ఈ చెక్కుల సొమ్ము ఎవరిదన్న వివాదమూ పుట్టింది. ఇవిగాక ఉత్పత్తిదారుకు మరికొన్ని సౌకర్యాలున్నాయి: చెల్లింపు వారాల తరబడి వాయిదా పడుతుంది కనుక ఆ లోపు సొమ్ము అతడి వద్దే తిరుగుతుంది, ఫారంలో పేరు, చిరునామా, కొన్న చోటు, తేదీ దొరుకుతాయి, అవి దుకాణదారుడు మామూలుగా అతడికి ఇవ్వని వివరాలు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ అమ్మకపు పన్నును రాయితీకి ముందున్న ధర మీదే లెక్కిస్తారు కనుక ఆ భారమూ కొనుగోలుదారుదే.

ఉచిత కంప్యూటర్ల కాలం

1990లలో ఈ ఆచారం కిరాణా సరుకుల నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల మీదికి మళ్లింది. కంప్యూటర్లు, ప్రింటర్లు, మోడెంలు, ఖాళీ సీడీలు నెలనెలా చవకవుతూ ఉండేవి. దుకాణాలకు ముందే పంపిన సరుకు ధర తరువాత తగ్గిస్తే, ఆ తేడాను ఉత్పత్తిదారు దుకాణాలకు కట్టివ్వాలన్న ఒప్పందాలు ఆ రంగంలో సాధారణం. ఆ సరుకు మీద రిబేటు పెడితే టోకు ధర మారదు, గిడ్డంగిలో ఉన్న పెట్టెలన్నిటికీ పరిహారం కట్టనక్కరలేదు, నిజంగా అమ్ముడై, నిజంగా కోరినవాటికే ఖర్చు. దుకాణానికి కూడా తన లాభం తగ్గకుండానే ప్రకటనలో పెద్ద అక్షరాలతో చిన్న ధర వేసుకొనే వీలు కలిగింది. థాంక్స్‌గివింగ్ పండుగ మరునాటి అమ్మకాల్లో, రాయితీ పోగా ఉచితం అన్న ప్రకటనలు ఆనాటి ఆదివారం పత్రికల అనుబంధాలను నింపేశాయి. ఆ దశాబ్దపు చివర విద్యార్థులుగా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుగా అమెరికా చేరిన తెలుగువారికి ఈ పద్ధతి పరిచయమైనది ఆ ప్రకటనల ద్వారానే.

1999లో ఇంటర్నెట్ సేవల కంపెనీలు మూడేళ్ల చందాకు ఒప్పుకుంటే కంప్యూటర్ ధరలో 400 డాలర్ల రాయితీ ఇవ్వసాగాయి. మూడేళ్లలో కట్టే చందా ఆ రాయితీని బాగా మించిపోతుందన్న సంగతిని ప్రకటనల్లో మరుగుపరిచారన్న ఆరోపణల మీద, అనుచిత వ్యాపార పద్ధతులను నియంత్రించే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2000 సంవత్సరంలో ఆఫీస్ డిపో, బై డాట్ కామ్, వేల్యూ అమెరికా సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకొంది. 2005 మార్చిలో అదే కమిషన్ కంపూఎస్ఏ అనే కంప్యూటర్ దుకాణాల గొలుసు మీద చర్య తీసుకొంది. ఆ దుకాణాల్లో క్యూపీఎస్ అనే తయారీ సంస్థ సరుకు మీద ప్రకటించిన రిబేటులు అందక వేలాదిమంది ఫిర్యాదు చేస్తున్నా, ఆ సంస్థ దివాలా దిశగా జారుతున్నా, దుకాణం ఆ రాయితీలను ప్రకటిస్తూనే వచ్చిందని కమిషన్ ఆరోపించింది. రాజీ ఒప్పందంలో భాగంగా ఆ బకాయిలను దుకాణమే చెల్లించవలసి వచ్చింది. తయారీదారు ఇచ్చిన మాటకు, దాన్ని ప్రకటించి సరుకు అమ్మిన దుకాణం కూడా బాధ్యత వహించాలన్న సూత్రం అక్కడ బలపడింది. ఆ ఏడాది చివర బిజినెస్ వీక్ పత్రిక ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో ఏటా ప్రకటితమవుతున్న రిబేటులు 40 కోట్లు, వాటి విలువ 600 కోట్ల డాలర్లు, వాటిలో 40 శాతం ఎవరూ తీసుకోనివి. 2007 ఏప్రిల్‌లో కమిషన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారులను, వినియోగదారుల ప్రతినిధులను కూర్చోబెట్టి ఈ విషయం మీదే ప్రత్యేక చర్చ జరిపింది. రాష్ట్రాలు కూడా తమ దారిన నిబంధనలు చేశాయి: రాయితీ పోగా మిగిలే ధరను ప్రకటనలో వేయాలంటే ఆ రాయితీని గల్లా దగ్గరే ఇవ్వాలని కనెక్టికట్ నియమం, ఫారంలో లోపాలుంటే సరిదిద్దుకొనే అవకాశం కొనుగోలుదారుకు ఇవ్వాలని టెక్సాస్ చట్టం.

దుకాణాల వెనుకంజ

ఈ ఆచారాన్ని చివరకు కుదించినది చట్టం కన్నా చిల్లర వర్తకుల స్వప్రయోజనమే. రాయితీ ఇవ్వవలసినది ఎక్కడో ఉన్న తయారీదారు, ఫారాన్ని తిరస్కరించేది మరెక్కడో ఉన్న ఫుల్‌ఫిల్‌మెంట్ సంస్థ. కానీ చెక్కు రాని కొనుగోలుదారు కోపంతో వచ్చి నిలదీసేది తనకు సరుకు అమ్మిన దుకాణాన్ని. బ్రేకేజ్ వల్ల మిగిలిన సొమ్ము ఉత్పత్తిదారుకు చేరగా, దాని వల్ల వచ్చిన అపకీర్తి దుకాణం ఖాతాలో పడింది. 2005లో బెస్ట్ బై రెండేళ్లలో మెయిల్-ఇన్ రిబేటులను ఎత్తివేస్తామని ప్రకటించింది. 2006లో ఆఫీస్‌మాక్స్ వాటిని మానేసి గల్లా దగ్గరి తగ్గింపులకు మారింది. అంతకుముందే 2004లో స్టేపుల్స్ సంస్థ ఫారాలు, బార్‌కోడ్ ముక్కలు అక్కరలేకుండా రసీదు వివరాలను ఇంటర్నెట్‌లో నమోదు చేస్తే చాలునన్న ఏర్పాటు తెచ్చింది. ఇంటర్నెట్‌లో ధరలు పోల్చి చూడడం తేలిక కావడంతో, రాయితీ పోగా అన్న చిన్న అక్షరాల ధరకు ఉన్న ఆకర్షణ కూడా తగ్గింది.

అయినా ఈ పద్ధతి పూర్తిగా అంతరించలేదు. కారు టైర్లు, కాంటాక్ట్ లెన్సులు, కరెంటు ఆదా చేసే గృహోపకరణాల వంటి, అరుదుగా కొనే ఖరీదైన వస్తువుల్లో అది నిలిచి ఉంది. గృహనిర్మాణ సామగ్రి అమ్మే మెనార్డ్స్ దుకాణాలు తమ 11 శాతం రిబేటును మళ్లీ తమ దుకాణంలోనే ఖర్చు పెట్టవలసిన చీటీ రూపంలో తపాలాలో పంపుతూ వచ్చాయి. చెక్కుల స్థానంలో ముందే సొమ్ము నింపిన కార్డులు వచ్చాయి, వాటిలో చివరి కొద్ది సెంట్లు ఖర్చుకాక మిగిలిపోవడం స్లిపేజ్‌కు కొత్త రూపమైంది. 2010లలో వచ్చిన ఇబోటా వంటి ఫోన్ యాప్‌లలో రసీదును ఫొటో తీసి పంపితే తక్కువ వ్యవధిలోనే కొంత సొమ్ము ఖాతాలో జమ అవుతుంది, ప్రతిఫలంగా ఆ కుటుంబం ఏ దుకాణంలో ఏ రోజున ఏమేమి కొన్నదో మొత్తం జాబితా ఉత్పత్తిదారుల పక్షానికి అందుతుంది.

ఈ పరిణామాన్ని ఒక వరసలో పెట్టి చూస్తే, మెయిల్-ఇన్ రిబేటు వెనుక ఉన్న రెండు ప్రయోజనాల్లో ఏది గట్టిదో తేలుతుంది. మరపు మీద లాభం సంపాదించడమన్నది కొంతకాలమే నడిచింది, ఎందుకంటే ఆ లాభం ఒకరికి, అపకీర్తి మరొకరికి దక్కే ఏర్పాటును అపకీర్తి మోసినవారు ఎక్కువ కాలం భరించలేదు. చిల్లర వర్తకుణ్ణి దాటి కొనుగోలుదారును చేరాలన్న ఉత్పత్తిదారు కోరిక మాత్రం సబ్బు కాగితాల నాటి నుంచి ఫోన్ యాప్‌ల దాకా సాధనాలు మార్చుకుంటూ నిలిచి ఉంది. ఈ రెంటి నడుమ కొనుగోలుదారు స్థితి కూడా పెద్దగా మారలేదు: తగ్గింపు అతడికి ఊరికే ఎన్నడూ రాలేదు, దాని వెలగా తన శ్రమనూ, జాగ్రత్తనూ, చివరకు తన ఇంటి వివరాలనూ ఇచ్చుకోవలసి వచ్చింది. గల్లా దగ్గర ధర తగ్గించగల అమ్మకందారు అలా చేయకుండా కొనుగోలుదారు నుంచి ఇంకేదో కోరినప్పుడల్లా, ఆ కోరినదానికి అమ్మకందారు దృష్టిలో తగ్గింపును మించిన విలువ ఉందనే గ్రహించవలసి ఉంటుంది.